శనివారం దాకా

ఎల్డర్ అంటే పెద్ద అని అర్థం. మా మార్మన్ క్రైస్తవ సంఘంలో ఇల్లిల్లూ తిరిగి బోధించే కుర్రాళ్ళందరినీ అలాగే పిలుస్తారు. అగపీతో చుంగా అనే ఆయన మాత్రం మొదటి రోజు నుంచీ ఆ మాటను వదిలిపెట్టలేదు. "రండి పెద్దాయనా, కూచోండి. నడుంనొప్పి తగ్గిందా? మనవలు కులాసానా?" అనేవాడు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఆయనకు నలభై రెండు.

ఆ ఏడు మా దేశానికి ఉత్తరాన, ఎడారి నేలలో పారే పియూరా నది దిగువన జనవరిలోనే వాన పట్టుకుంది. అక్కడ ఏళ్ళ తరబడి చినుకు రాలదు. రాలిన ఏడు మాత్రం లెక్క వేరు. పెద్దవాళ్ళు మబ్బుకేసి చూసి ఇంటి మీద రేకులకు రాళ్ళు పేర్చుకున్నారు. నేను కొండల్లో, సికువానిలో పుట్టినవాణ్ణి. వాన అంటే భయపడే మనుషుల్ని చూడడం నాకదే మొదటిసారి.

రోజూ ఆరున్నరకు లేవాలి. మోకాళ్ళ మీద ప్రార్థన, రెండు గంటలు చదువు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, టై, గుండె మీద పేరు రాసిన నల్లబిళ్ళ. పదింటికల్లా వీధిలో ఉండాలి. ఎక్కడికి వెళ్ళినా ఇద్దరం కలిసే వెళ్ళాలి. నాకు జోడీ ఎల్డర్ హాస్లం. అమెరికాలో ఐడహో బంగాళదుంప పొలాల నుంచి వచ్చిన పొడుగాటి పిల్లాడు, పంతొమ్మిదేళ్ళు. వచ్చి మూడు నెలలైంది, మా భాష ఇంకా నోరు తిరగలేదు. ఆడవాళ్ళను "వాడు" అనేవాడు, మేకను "గారు" అనేవాడు. జనం పడీ పడీ నవ్వితే తనూ నవ్వేవాడు. ఇద్దరిలో నేను సీనియర్‌ని. ఏ ఇంటికి వెళ్ళాలో, ఎవరికి ఏం చెప్పాలో నిర్ణయించేది నేనే.

ప్రతి ఆదివారం సాయంత్రం మా లీడర్‌కి ఫోన్ చేసి చెప్పుకోవాలి, ఎందరికి బోధించాం, ఎందరికి బాప్తిస్మం తేదీ ఖాయమైంది అని. ఏడు నెలలుగా నేను సున్నా చెబుతున్నాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నన్ను తినేసేది.

అటువంటప్పుడు దొరికింది సెబెరీనా. అగపీతోతో పదహారేళ్ళ కాపురం ఆమెది. పన్నెండేళ్ళ కూతురు యొవానా. దానికి ముందు పుట్టిన కొడుకు పదకొండు నెలలు బతికి పోయాడు. "పోయిన పిల్లాడు మళ్ళీ మన పిల్లాడిగానే ఉంటాడని మీరన్నారు. అది నిజంగా నిజమేనా?" అని రెండోసారి వెళ్ళినప్పుడు అడిగింది. నిజమే అన్నాను. అంతే, ఇక ఆమె వెనక్కి చూడలేదు. మొక్కజొన్న కల్లు కాచి అమ్మేది. వాకిట్లో వెదురుగడకు తెల్లగుడ్డ వేలాడుతుంటే ఆ పూట కల్లు ఉందని గుర్తు. డిసెంబరులో ఆ గుడ్డ దించేసింది. కల్లు కుండలు బోర్లించి, అరటికాయ చిప్స్ వేయించి బడి దగ్గర అమ్ముకోవడం మొదలుపెట్టింది.

"ముందు కల్లు మానమన్నారు, మానాం," అనేవాడు అగపీతో. "తర్వాత కాఫీ అన్నారు. సరే, వేడినీళ్ళు ఊదుకుంటూ తాగుతున్నాం. ఇంకేం మిగిలిందయ్యా కొంపలో, నేనూ మేకా తప్ప?"

అలా అంటూనే మాతో కూచుని వినేవాడు. ప్రార్థన చేయమంటే టోపీ తీసి, తల వంచి, పొలానికి నీళ్ళు రావాలని, కూతురికి లెక్కలు రావాలని, ఎల్డర్ హాస్లంకి మాటలు రావాలని వేడుకునేవాడు. నదీ కట్ట పక్కన వరిపొలాలకు నీళ్ళు తోడే మోటారు ఉంది. దానికి కాపలా ఆయనే.

చిక్కల్లా ఒకటే. వాళ్ళకు పెళ్ళి కాలేదు. అగపీతో ఇరవయ్యో ఏట ఇంకొకావిడతో పెళ్ళి రిజిస్టరు చేసుకున్నాడు. ఆవిడ ఏడాది తిరక్కుండా సరిహద్దు దాటి వెళ్ళిపోయింది. విడాకుల కాగితం వస్తే తప్ప వీళ్ళకు పెళ్ళి కాదు. పెళ్ళి కాకుండా ఒకే కప్పు కింద కాపురం చేసేవాళ్ళకు మా సంఘంలో బాప్తిస్మం ఇవ్వరు.

ఆ ఊళ్ళో మా చిన్న సంఘానికి అధ్యక్షుడు ఇలారియో సెర్నాకే. ఆటో నడుపుకునే మనిషి. ఆయన ఆటోలోనే కూచుని ఈ సంగతి మాట్లాడాం.

"కాగితం వస్తుంది తమ్ముడూ. లాయరు చూస్తున్నాడు. ఏడాది పట్టొచ్చు," అన్నాడు.

"ఏడాదికి నా సేవ గడువు అయిపోతుంది, నేనుండను కదా బ్రదర్."

ఇలారియో అద్దంలోంచి నాకేసి చూశాడు. "నువ్వుండకపోతే దేవుడు ఉండడా? పదహారేళ్ళు ఉన్నవాళ్ళు ఇంకో ఏడాది ఉంటారు. ఒకరి కాపురంలో చెయ్యి పెట్టకు. నీకింకా పెళ్ళి కాలేదు, నీకు తెలీదు."

నాకు కోపం వచ్చింది. మర్నాడు పొద్దున మోకరించి చాలాసేపు ప్రార్థన చేశాను. గుండెలో వెచ్చగా అనిపించింది. దాన్ని నేను జవాబు అనుకున్నాను. ఇప్పటికీ ఆ వెచ్చదనం అబద్ధమని చెప్పలేను. అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మాత్రం చెప్పలేను.

ఫిబ్రవరి రెండో వారంలో వాళ్ళింటికి వెళ్ళాం. రేకుల మీద వాన మోత. సెబెరీనా అరటికాయలు తరుగుతోంది.

"ఒక దారుంది," అన్నాను. "కాగితం వచ్చేదాకా ఇద్దరూ వేరువేరు చోట్ల ఉంటే, సిస్టర్‌కి ముందుగా బాప్తిస్మం ఇవ్వొచ్చు. ఆ తర్వాత పెళ్ళి, ఆ తర్వాత బ్రదర్‌కి కూడా."

కత్తి ఆగింది. అగపీతో ఆ కత్తికేసి చూశాడు. తర్వాత నవ్వాడు.

"అయితే మేక కంటే ముందు నా వంతే వచ్చిందన్నమాట."

"ఇది దేవుడి ఆజ్ఞ బ్రదర్. నా మాట కాదు."

"నీ మాట కాదులే. నువ్వు పోస్టుమాన్‌వి, నాకు తెలుసు." భార్యవైపు తిరిగాడు. "ఏమే, నీకు కావాలా?"

సెబెరీనా కళ్ళనిండా నీళ్ళు. తల పైకెత్తకుండా, "పిల్లాడి కోసం," అంది.

అప్పుడు హాస్లం నా మోచెయ్యి పట్టుకున్నాడు. తనకొచ్చిన మాటల్లో, మెల్లగా, "మనం ఆగుదాం. ఆమె ఏడుస్తున్నాడు," అన్నాడు.

యొవానా కిసుక్కున నవ్వింది. "సంతోషంతో ఏడుస్తోంది," అని నేను హాస్లంకి చెప్పాను.

మర్నాడు అగపీతో మోటారు షెడ్డుకు మారాడు. మేమే సాయం చేశాం. సేవ చేయడం మా పనిలో భాగం. నులకమంచం ఒక కొస నేను, ఒక కొస హాస్లం పట్టుకుని బురదగట్ల మీద మోసుకెళ్ళాం. అగపీతో దుప్పటి నెత్తిన కప్పుకుని ముందు నడిచాడు. దారిలో ఎవరో, "ఏం అగపీతో, పెళ్ళాం తరిమేసిందా?" అని కేకేస్తే, "లేదు, ఈ పెద్దాయనలు దత్తత తీసుకున్నారు," అన్నాడు. ఆ ఆదివారం సాయంత్రం ఫోన్లో నేను మొదటిసారి సున్నా కాకుండా ఒకటి చెప్పాను. మార్చి మొదటి శనివారానికి తేదీ ఖాయమైంది.

ఆయన వెళ్ళిపోయాక మాకో సంగతి ఎదురైంది. మగమనిషి లేని ఇంట్లోకి మేం అడుగుపెట్టకూడదు. అది మా నియమం. అందుకని ఇక వాకిట్లోనే, చూరు కింద నిలబడి బోధించాం. చూరు మూరెడే. మా వీపులు తడుస్తుండేవి. సెబెరీనా లోపల గడప పక్కన పీట వేసుకుని వినేది.

"లోపలికి రండి ఎల్డర్, జ్వరాలొస్తాయి," అందొకసారి.

"రాకూడదు సిస్టర్. ఇంట్లో బ్రదర్ లేరు కదా."

"ఎందుకు లేడు?" అంది యొవానా లోపల్నుంచి. "మంచం మోసుకెళ్ళింది మీరే కదా."

"నోర్ముయ్," అంది తల్లి. పిల్ల మూత పెట్టిన గిన్నె తీసుకుని మమ్మల్ని రాసుకుంటూ వానలోకి వెళ్ళిపోయింది. రోజుకు రెండుసార్లు తండ్రికి అన్నం తీసుకెళ్ళేది అదే. అప్పట్నుంచీ మాతో మాట్లాడడం మానేసింది. మేం వస్తుంటే పక్క సందులోకి తిరిగిపోయేది.

తేదీకి ముందురోజు, శుక్రవారం, మా లీడర్ పియూరా పట్నం నుంచి వచ్చి సెబెరీనాను ప్రశ్నలడగాలి. అందులో సరేననుకుంటేనే మర్నాడు బాప్తిస్మం. ఆ గురువారమే వంతెన తెగింది. బస్సులు ఆగిపోయాయి. తేదీ వారం జరిగింది. అగపీతోకి చెబితే, "సరేలే, మోటారు కూడా నాకు అలవాటు పడింది. గురక పెడితే తనూ గురక పెడుతుంది," అన్నాడు. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. దోమలు కుట్టి చేతులు దద్దుర్లెక్కాయి.

తర్వాతి బుధవారం మధ్యాహ్నం ఊరంతా కట్ట మీదే ఉంది. నది ఎర్రగా, కట్ట అంచుకు రెండు మూరల కిందకు వచ్చింది. చెట్లు, కోళ్ళగూళ్ళు, ఒక ఇంటి తలుపు కొట్టుకొస్తున్నాయి. మేమూ టైలు తీసి చొక్కా జేబుల్లో పెట్టుకుని ఇసుక బస్తాలు నింపుతున్నాం. అగపీతో పార కింద పెట్టి నన్ను పక్కకు పిలిచాడు.

"పెద్దాయనా, ఒక మాట."

"చెప్పండి బ్రదర్."

"షెడ్డులో నేల ఊరుతోంది. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టా. రెండు మూడు రోజులు ఇంటికెళ్ళి పడుకుంటా. వంటపాకలో, మేక పక్కన. ఆవిడ జోలికి వెళ్ళను, ఒట్టు."

అప్పుడు నేను కాస్త ఆలోచించానని చెప్పుకోవాలని ఉంటుంది. ఆలోచించలేదు. వెంటనే జవాబు చెప్పాను.

"ఎల్లుండి లీడర్ పడవ మీదైనా వస్తానన్నాడు బ్రదర్. వేరుగా ఉంటున్నారా అని అడుగుతాడు. సిస్టర్ అబద్ధం చెప్పలేదు కదా. ఇంత ఓపిక పట్టారు. శనివారం దాకా."

ఆయన నదివైపు చూశాడు. "శనివారం దాకా," అన్నాడు. "సరే. ఈ నది కూడా నీ మాట వింటే బావుణ్ణు." మళ్ళీ పార అందుకున్నాడు.

మా మందిరంలో చోటుంది. ఇలారియో ఇంట్లో చోటుంది. అక్కడ పడుకోండి అనొచ్చు. ఆ సంగతి నాకు తట్టనేలేదు. ఆయన వేరుగా ఉండాలన్నదే నా ధ్యాస. ఎక్కడ ఉన్నాడన్నది కాదు.

గురువారం పొద్దున ఆరు కాకముందే ఇలారియో వచ్చి మా తలుపు కొట్టాడు. చొక్కా లేదు, నడుం దాకా బురద. "మోటారు దగ్గర కట్ట తెగింది," అన్నాడు. మాకు అర్థమైందో లేదో అని మళ్ళీ చెప్పాడు. "షెడ్డు దగ్గరే తెగింది."

మేం వెళ్ళేసరికి అక్కడ షెడ్డు లేదు. షెడ్డు ఉన్నచోట నది ఉంది. వరిమళ్ళన్నీ ఒకే నీళ్ళు. సెబెరీనా తెగిన కట్ట అంచున నిలబడి ఉంది. కేకలు వేయడం లేదు. యొవానా మాత్రం నాన్నా, నాన్నా అని నీళ్ళకేసి పిలుస్తోంది, ఎక్కడో మళ్ళో పనిలో ఉన్నవాణ్ణి భోజనానికి పిలిచినట్టు. చేతిలో గిన్నె ఉంది.

మూడు రోజులు వెతికారు. మేమూ వెతికాం. మందిరంలో నలభై కుటుంబాలు చేరాయి. బెంచీలు తడిసిన పరుపులకు మంచాలయ్యాయి. శనివారం మధ్యాహ్నం, దిగువ పొలం ముళ్ళకంచెలో చిక్కుకుని దొరికాడు. మొదట చూసింది హాస్లం. నీళ్ళలోకి దిగి, కంచెలోంచి ఒక్కొక్క తీగా విడదీసి, ఆయన్ను భుజాన వేసుకుని తెచ్చాడు. ఎవర్నీ పట్టుకోనివ్వలేదు. చేతులు రక్తాలు కారుతున్నా పట్టించుకోలేదు.

శవాన్ని గడ్డ మీద పడుకోబెట్టాక నా పక్కన కూచున్నాడు. ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ అన్నాడు. "ఆ రోజు నేను గట్టిగా చెప్పలేదు. నాకు మాటలు తెలీదు." అతనికి తెలియని మాటలన్నీ నాకు తెలుసు.

మా బోధకులందరికీ పై అధికారి అయిన మిషన్ అధ్యక్షుడికి ఫోన్‌లో అంతా చెప్పాను. ఆయన మంచివాడు. నదిని నువ్వు తేలేదు నాయనా, అన్నాడు. నన్ను వేరే ఊరికి మారుస్తానన్నాడు. వద్దన్నాను. ఇలారియోకి చెప్పాను, కట్ట మీద అగపీతో నన్నేం అడిగాడో, నేనేం చెప్పానో. ఆయన ఆటో హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని విన్నాడు. తిడతాడనుకున్నాను.

"ఇది నాకు చెప్పి లాభం లేదు," అన్నాడు. "ఆమెకు చెప్పు."

పాతిపెట్టిన నాలుగో రోజున వెళ్ళాం. గోడల మీద నడుమెత్తున బురద గీత. సెబెరీనా పారతో ఇంట్లోని బురద బయటికి తోస్తోంది. మేం వాకిట్లో ఆగిపోయాం.

"రండి," అంది. "లేకపోతే అక్కడే నిలబడతారా?"

ఆ రోజు లోపలికి వెళ్ళాం. పార తీసుకుని బురద తోడాం. మధ్యలో నేను ఆగి చెప్పాను. "సిస్టర్, బుధవారం బ్రదర్ నన్ను అడిగారు, ఇంటికి వచ్చి పడుకుంటానని. నేను వద్దన్నాను."

ఆమె నాకేసి చూడలేదు. చీపురు ఈనెలు సర్దుకుంటూ ఉండిపోయింది.

"నన్నూ అడిగాడు," అంది. "నీకంటే ముందు నన్నే అడిగాడు. ఎల్డర్‌ని అడుగు, ఆయనేమంటే అదే అన్నాను. నా ఇల్లు, నా మొగుడు. నీ దగ్గరికి పంపాను."

గదిమూల నుంచి యొవానా మా ఇద్దరినీ చూస్తోంది. ఆ పిల్లకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదనుకుంటాను. గిన్నెలు కడుగుతున్నది కడుగుతున్నట్టే వదిలి, బయటికి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఆ బాప్తిస్మం నీళ్ళు నాకు ఇప్పుడు కావాలి ఎల్డర్," అంది సెబెరీనా. "ఇంతకుముందు పిల్లాడి కోసం అడిగాను. ఇప్పుడు నా కోసం. ఇక అడ్డం కూడా ఏమీ లేదు కదా."

ఏప్రిల్ రెండో శనివారం బాప్తిస్మం జరిగింది. మందిరంలోని బాప్తిస్మపు తొట్టిలో బురద తోడి, మూడుసార్లు కడిగి నింపాం. నీళ్ళు అయినా టీ రంగులోనే ఉన్నాయి. నేను ఇవ్వనని, హాస్లం ఇస్తాడని చెప్పాను. సెబెరీనా ఒప్పుకోలేదు. "మొదలుపెట్టింది నువ్వు," అంది.

తెల్లబట్టల్లో ఆమె మెట్లు దిగి వచ్చింది. నీళ్ళు నడుముకు తగలగానే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ప్రార్థన చెప్పి ముంచి లేపాను. నా వీపు మీద చెయ్యి తట్టింది, సాక్షిగా పక్కన నిలబడ్డ ఇలారియోది. "జుట్టు తేలింది," అన్నాడు గొంతు తగ్గించి. ఒక్క వెంట్రుక నీళ్ళపైన ఉన్నా మా దగ్గర మళ్ళీ చేయాలి. ఆమెకు చెప్పాను. సరే అన్నట్టు తలూపింది. రెండోసారి లోతుగా ముంచాను. ఆమె వేళ్ళు నా మణికట్టులో దిగిపోయాయి. పైకి లేచాక ఊపిరి అందక, కళ్ళు తుడుచుకోకుండా అడిగింది.

"ఎంతసేపు ఉంచావు?"

"రెండు క్షణాలు సిస్టర్."

"అంతేనా," అంది.

యొవానా మందిరంలోకి రాలేదు. కార్యక్రమం అయ్యేదాకా వీధి అవతల ఇలారియో ఆటోలో కూచుంది. సెబెరీనా పొడిబట్టలు కట్టుకుని వచ్చేసరికి నేను వరండాలో ఉన్నాను. చేతులు కలిపాక వెళ్ళిపోకుండా నిలబడింది.

"చచ్చిపోయినవాళ్ళకి కూడా బాప్తిస్మం ఉందంటారుగా. ఆయనకి ఇప్పిస్తారా?"

"ఏడాది తర్వాత సిస్టర్. మా సంఘం పెద్ద దేవాలయంలో. ఆయన బదులు ఇంకొకరు నీళ్ళలోకి దిగుతారు."

"అప్పుడు ఆయన పిల్లాడితో ఉంటాడా? నేను పోయాక, ముగ్గురం ఉంటామా? ఆయనకూ నాకూ కాగితం లేదు కదా. అక్కడ నేను ఆయన భార్యనేనా?"

నా దగ్గర జవాబులున్న పుస్తకం ఉంది. అందులో దేనికైనా ఒక పేజీ ఉంటుంది. ఎవరేం అడిగినా పేజీ తీసి చూపించే అలవాటు నాది. దాన్ని చంకలో పెట్టుకునే నిలబడ్డాను.

"నాకు తెలియదు సిస్టర్," అన్నాను.

ఆమె ముఖంలో కోపం లేదు. అలసట ఉంది.

"ఈ మాట ఫిబ్రవరిలో చెప్పి ఉంటే బావుండేది ఎల్డర్," అంది.

తడిజుట్టు ముడి వేసుకుంటూ వీధి దాటి, కూతురి పక్కన ఆటోలో ఎక్కి కూచుంది.